పులిగుండం నల్లగోడ

పరాంకుశం మాస్టారికి ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే లేచి చెప్పులు తొడుక్కునేవారు. తడిరాళ్ళ మీద ఆకులా పరుచుకుని బతికే పాచిమొక్కల్ని, లివర్‌వర్టుల్ని, గుర్తుపట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్న సుభాషిణి మే నెలలో ఒక పొద్దున వచ్చి అడిగింది.

"కళ్ళతో చూసింది చూసినట్టు రాస్తే తప్పవుతుందా మాస్టారూ?"

ఆమె బాధ ఆమెది. పులిగుండం లోయలో కొండని తొలిచి రాయి తీయడానికి ఒక కంపెనీ సిద్ధంగా ఉంది. అక్కడ లివర్‌వర్టులు ఉంటే తవ్వకం ఆగుతుంది; ఉన్నాయో లేవో తేల్చాల్సింది సుభాషిణి. మూడు రోజులు బండబండా వెతికి, ఏమీ లేవని రిపోర్టు రాసేసింది. సాయంత్రానికల్లా సంతకం పెట్టి పంపాలి. చెయ్యి మాత్రం రావడం లేదు. అలాగని లేనివి ఉన్నాయని ఎలా రాస్తుంది!

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

మిట్టమధ్యాహ్నమైనా లోయలో వెలుగు మసగ్గానే ఉంది. ఒక్క పిట్ట అరుపు లేదు. వానల్లో నీళ్ళు కారే రాతిగోడ ఎండిపోయి, కాలిన కాగితం పేలికలు అంటించినట్టు నల్లగా ఉంది. అది ఎప్పుడో చచ్చిన పాచి అని సుభాషిణి మొదటి రోజే వదిలేసింది. గోడ పక్కన కూర్చుని ఇద్దరూ పులిహోర తిన్నారు. మాస్టారు చెంబు అందిస్తూ, చెయ్యి ఆ గోడ మీదే కడుక్కోమన్నారు.

సుభాషిణి కడుక్కుని, చెంబు తిరిగి ఇవ్వబోయి ఆగిపోయింది. గోడ కదులుతోంది. తడిసిన మేరకు నల్లపేలికలు చప్పుడు లేకుండా ఒక్కొక్కటే విప్పుకుంటున్నాయి. లోపలంతా పచ్చన, బతికున్న లివర్‌వర్టులు. ఆ పచ్చదనం నిండా సన్నని చుక్కలు, అన్నీ కలిసి తనకేసే చూస్తున్నట్టు. సుభాషిణికి ఒళ్ళు జలదరించింది. ఇన్ని ప్రాణాల మధ్య మూడు రోజులు తిరిగి, ఇక్కడెవరూ లేరని రాసుకున్నానే అని సిగ్గు వేసింది. సిగ్గు కంటే ముందు భయం వేసింది.

"రిపోర్టులో ఈ ఒక్కచోట ఉన్నాయని దిద్దుతాను మాస్టారూ," అంది.

మాస్టారు తలెత్తి చూశారు. ఆమె కూడా చూసింది. లోయ చివరిదాకా, కొండ కొసదాకా గోడంతా నల్లగానే ఉంది.

"చెంబులో నీళ్ళు అయిపోయాయమ్మా," అన్నారు మాస్టారు. "మిగతావాళ్ళని ఎవరు లేపుతారు?"