గోనె కప్పిన సోలార్ పలక

మామిడితోట చివర గడ్డివాము పక్కన కిరీటయ్య అనే కోడిపుంజు కాపురముండేవాడు. తను కూయకపోతే సూర్యుడు పక్క దిగడని ఆయనగారి గట్టి నమ్మకం. అంతటివాడి గుమ్మంలో మాత్రం పొద్దు వాలితే కటిక చీకటి. పోయిన నెల ఆ చీకట్లోనే ఆయన పిల్లల్లో ఇద్దర్ని ఎవరో ఎత్తుకుపోయారు. ఇంకా తొమ్మిదిమంది మిగిలారు.

"ఏవయ్యా, గూటి మీద సోలార్ పెట్టిద్దాం. గుమ్మంలో దీపం వెలిగితే ఈ పిల్లలైనా మనకి దక్కుతారు," అంది పెళ్లాం చుక్కమ్మ.

"ఆలోచిద్దాం," అన్నాడు కిరీటయ్య. ఆయన ఆలోచించడమంటే దారిన పోయేవాళ్లందర్నీ అడగడమే.

"వానాకాలంలో ఏం చేస్తావ్?" అంది బాతు. "నాకైతే చీకటే హాయి," అంది బర్రె. జిత్తయ్య అనే నక్కయితే పని మానుకుని మూడుసార్లు వచ్చాడు. "వద్దు బావా! కప్పు కురుస్తుంది, పిడుగు పడుతుంది."

"మన కప్పు మీద వాడికెందుకయ్యా అంత బెంగ?" అంది చుక్కమ్మ. కిరీటయ్య చెవికెక్కలేదు. ఇక లాభం లేదని, "సూర్యుణ్ణి లేపేది నువ్వు. ఆ వెలుగు ఊరందరికీ, మనకి చీకటా?" అంది. కిరీటయ్య ఛాతీ ఉబ్బింది. మర్నాడే కోతుల్ని పిలిచి పలక బిగింపించాడు. సందెవేళ దీపం దానంతటదే భగ్గున వెలిగింది.

తోటంతా వచ్చి చూసింది. జిత్తయ్యా వచ్చాడు. "అబ్బ, ఏం మెరుపు బావా! నా కళ్లే కుట్టాయంటే ఆ నెమలి ఊరుకుంటుందా? దిష్టి తగిలి పగిలిపోగలదు. ఏదైనా కప్పి ఉంచు."

కొత్త కుర్చీకి కవరు తియ్యకుండా చిరిగేదాకా కూర్చునే వంశం కిరీటయ్యది. వెంటనే పలక మీద గోనెపట్టా కప్పి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. మర్నాడు దీపం మసకబారింది.

"చూశావా, అప్పుడే తగిలింది! ఇంకో పట్టా వెయ్యి," అన్నాడు జిత్తయ్య. వేశాడు. మూడోనాటికి దీపం వెలగనే లేదు.

"ఆ గోనె తీసి చూడవయ్యా బాబూ!" అని చుక్కమ్మ మొత్తుకుంది.

"సూర్యుడి సంగతి నాకు చెప్తావా?" అని కసిరాడు మగమహారాజు.

నాలుగోనాడు ఆయన వాము మీదెక్కి సూర్యుణ్ణి లేపుతుండగా, చుక్కమ్మ పట్టాలు రెండూ లాగి పిల్లలకి పక్క వేసింది. ఆ రోజంతా ఎండ మాడ్చేసింది.

పొద్దు వాలగానే జిత్తయ్య గుమ్మం ముందుకొచ్చాడు.

"ఈ వేళప్పుడు వచ్చావేం బావా?" అన్నాడు గుమ్మంలో ఉన్న కిరీటయ్య.

"ఈ చీకటి కోసమే బావా!" అంటూ జిత్తయ్య కిరీటయ్య తోక నోట కరుచుకున్నాడు. అప్పుడే దీపం వెలిగింది. వాము కింద పడుకున్న తోట కాపలా కుక్క కళ్లు తెరిచి చూసి, ఒక్క ఉరుకు ఉరికింది. జిత్తయ్య నోట్లో ఈకలతోనే పొలాలకి అడ్డంపడి పారిపోయాడు.

"నా తోకే!" అని గొల్లుమన్నాడు కిరీటయ్య.

చుక్కమ్మ తొమ్మిదిమందినీ రెక్కల కింద సర్దుకుని, అప్పుడు మొగుడి వెనకవైపు చూసింది. "పోనీలేవయ్యా, ఇక నీకు దిష్టి భయం లేదు."

నీతి: వాడుకోవాల్సినదాన్ని కప్పిపెట్టుకునేవాడు దొంగకి తలుపు తీసినట్టే.