బెల్లం లేని కషాయం

సుమేధుడు భిక్షువు కాకముందు విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. గుండు చేయించుకుని చీవరం కట్టినా కీబోర్డు మాత్రం వదల్లేదు. కొండమీది విహారంలో కూర్చుని, చుట్టుపక్కల బడులు వాడుకునే ఒక ప్రోగ్రామును చూసుకునేవాడు.

కంప్యూటర్లోకి కొత్త ప్రోగ్రాములు ఎక్కించడం దాని పని. ఒకటి ఎక్కించే ముందు, దానికి తోడు కావలసినవన్నీ ఉన్నాయో లేవో చూసేది. ఏ ఒక్కటి లేకపోయినా ఆగిపోయేది. కాదు కూడదనేవాళ్ళ కోసం 'బలవంతంగా ఎక్కించు' అని ఒక మీట ఉండేది.

ఒకాయన ఆ మీట నొక్కి కంప్యూటరు పాడుచేసుకున్నాడు. తర్వాత ఫోన్ చేసి సుమేధుణ్ణి అరగంట తిట్టాడు. ఆ రోజు సుమేధుడికి ధ్యానం కుదరలేదు. కళ్ళు మూసుకుంటే ఆయన గొంతే. మర్నాడు మీట పీకి పారేశాడు. ధ్యానం బ్రహ్మాండంగా కుదిరింది.

కొన్నాళ్ళకి అరకు దగ్గర్నించి రత్నకుమారి అనే టీచరు ఫోన్ చేసింది.

"పిల్లల పాఠాల ప్రోగ్రాము ఎక్కట్లేదండీ. ప్రింటరు నడిపే ప్రోగ్రాము లేదంటూ ఆగిపోతోంది. మా బళ్ళో అసలు ప్రింటరే లేదండీ."

"అది లేకుండా కుదరదమ్మా."

"అచ్చు తీసే పని మాకెందుకండీ? పాఠం కనబడితే చాలు. పిల్లలు కూర్చునున్నారు."

"ఏదన్నా అయితే మళ్ళీ నన్నే అంటారు," అని సుమేధుడు ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక మనసు మనసులో లేదు. లేచి గురువు విమలబోధి భంతే దగ్గరికి వెళ్ళాడు. ఆయన నాలుగు రోజులుగా దగ్గుతో అవస్థ పడుతున్నారు.

"భంతే, తెలియక చెడగొట్టుకుంటారని తెలిసీ, ఆ మీట వాళ్ళ చేతికివ్వడం ధర్మమేనా?"

భంతే దగ్గు ఆగేదాకా ఆగారు. "నేలవేము కషాయం కాచి తీసుకురా."

సుమేధుడు వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

"బెల్లం అయిపోయింది భంతే."

"కషాయం అడిగాను."

"బెల్లం లేకుండా అది గొంతు దిగదు. పరమ చేదు. వాంతి కూడా కావచ్చు. ఎల్లుండి సంతకెళ్ళి తెస్తాను."

"ఎల్లుండిదాకా దగ్గును ఆగమని నువ్వు చెప్తావా?"

సుమేధుడు మళ్ళీ వంటింటి వైపు చూశాడు.

"చేదని చెప్పావు, విన్నాను. వాంతి అవుతుందన్నావు, అదీ విన్నాను. కాచి పట్టుకురా."

సుమేధుడు కాచి తెచ్చాడు. భంతే గ్లాసు ఎత్తి ఒక్క గుక్క మింగారు. నలభై ఏళ్ళుగా సుఖదుఃఖాల్లో చెక్కుచెదరని ముఖం ఎండిన ఉసిరికాయలా ముడుచుకుపోయింది. ఒక కన్ను దానంతటదే మూతపడింది. సుమేధుడు గబగబా కడివెడు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

భంతే నీళ్ళు ముట్టలేదు. మిగిలింది కూడా తాగేసి, గ్లాసు బోర్లించి, చాలాసేపు నాలుక అంగిట్లో ఆడిస్తూ కూర్చున్నారు.

సుమేధుడికి ఉండబట్టలేదు. "నేను ముందే చెప్పాను భంతే."

"చెప్పావు," అన్నారు ఆయన, ఇంకా ఒంటికన్నుతోనే చూస్తూ. "అందుకే కదా నిన్ను తిట్టకుండా కూర్చున్నాను."

సుమేధుడు వంగి నమస్కరించి, కంప్యూటరు గదిలోకి వెళ్ళాడు. పీకిన మీటను మళ్ళీ పెట్టాడు. అది నొక్కగానే హెచ్చరికగా వచ్చే ఎర్ర అంకెల వరసను మొదటిసారి, అక్కడ కూర్చున్న టీచరులా చదివి చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మొత్తం చెరిపేసి, తెలుగులో రాయడం మొదలుపెట్టాడు: "ఇది ఎక్కిస్తే ప్రింటరు పనిచేయదు. మిగతావి కూడా మొరాయించవచ్చు. అయినా ఎక్కించమంటారా?"

రాయడం అయ్యాక రత్నకుమారికి ఫోన్ చేశాడు.