పగుల్లో రెండు గుడ్లు

అనగనగా ఒక ఇంటి గోడ మీద ఓ బల్లి ఉండేది. పాదాలు దుప్పట్లో పెట్టు, చెప్తాను. ఆ బల్లిది పాలెక్కువ పోసిన టీ రంగు. కళ్ళకి రెప్పల్లేవు పాపం, దుమ్ము పడితే నాలుకతోనే తుడుచుకునేది. పొట్ట తోలు ఎంత పల్చనంటే, లోపలున్న రెండు గుడ్లూ బయటికి తెల్లగా కనిపించేవి.

ఆ ఇంటావిడ పేరు మంగతాయారు. మనిషి మంచిదే, నోరే కాస్త పెద్దది. కూతురు సుభాషిణి పురిటికి వచ్చి ఉంది, నెలలు నిండాయి. తొలిచూలు కదా, తల్లికి భయం ఉండదూ?

ఒకరోజు మంగతాయారు బియ్యంలో రాళ్ళేరుతుంటే బల్లి టప్పున నెత్తిమీద పడింది. అప్పుడేం చేసింది? తలస్నానం చేసింది. దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ తర్వాత పంచాంగం తీసి బల్లిపాటు చూసింది. అందులో ఆడవాళ్ళకో పట్టిక, మగవాళ్ళకో పట్టిక ఉంటాయి. కంగారులో ఈవిడ మగవాళ్ళది చూసి, కీడని చదివేసింది. నవ్వకు! కూతురికేమవుతుందోనని ఒకటే ఏడుపు, పిచ్చిది.

ఏడుపయ్యాక కోపం వచ్చింది. చీపురు తీసుకుని ఒక్కటేసింది. తోక ఊడి కింద పడి గిలగిల్లాడింది. తోక మళ్ళీ మొలుస్తుందిలే, బెంగపడకు. బల్లి మాత్రం పటం వెనకున్న పగుల్లోకి దూరిపోయింది.

"ఆ పగులు పూడిస్తే గాని నాకు నిద్ర పట్టదు" అని తాపీమేస్త్రీ అప్పన్నకి కబురు పెట్టింది మంగతాయారు. అతను రావడానికి మూడు రోజులు పట్టింది. ఈలోగా బల్లి గుడ్లు పెట్టేసింది.

అప్పన్న పటం దించాడు. సిమెంటు కలిపాడు. తాపీ ఎత్తి ఆగిపోయాడు.

"అమ్మగారూ, ఇందులో గుడ్లున్నాయండి. పూడ్చెయ్యమంటారా?"

మంగతాయారు స్టూలెక్కి చూసింది. శనగగింజలంత, తెల్లగా, గోడకి అంటుకుని రెండు. వెనక్కి తిరిగితే గుమ్మంలో సుభాషిణి, నడుం మీద చెయ్యేసుకుని ఆయాసంగా నిలబడి ఉంది. భయం పోలేదు సుమా, అలాగే ఉంది. అయినా అంది, "వద్దు నాయనా. ఇదీ పురిటిల్లే."

అప్పుడు అప్పన్న ఆ సిమెంటు పట్టుకెళ్ళి పెరటి గట్టుకి పూసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పది రోజులకి సుభాషిణికి ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. బల్లి కోడిలా కాదమ్మా, గుడ్ల మీద కూర్చుని పొదగదు. గోడ వెచ్చదనమే పొదుగుతుంది. పాప బోసినవ్వు నవ్వడం నేర్చేవేళకి పగుల్లోంచి అగ్గిపుల్లంత పిల్లలు రెండొచ్చాయి. దారి చూపించేవాళ్ళు లేరు. వాటంతటవే గోడెక్కేశాయి.

మంగతాయారు మనవరాల్ని ఎత్తుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. "చూడవే తల్లీ, వీళ్ళూ మనింట్లో పుట్టినవాళ్ళే. నీ ఈడువాళ్ళు" అంది. అంటూనే ఏడ్చేసింది.

బల్లి పిల్ల గోడకి,
పాప అమ్మ ఒడికి,
కథ వెళ్ళె కంచికి,
నువ్వూ నేనూ మంచానికి.