నీళ్ళ విరేచనాలకి నక్క చెప్పిన పథ్యం

దుర్ముఖి నామ సంవత్సరం, తొలకరి పడిన వారం. ఉప్పుమడుల పక్కనున్న పల్లెలో, కంచె వేసిన ఒక దొడ్డిలో బొల్లి అనే మేక రెండు పిల్లల్ని సాకుతోంది. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. రెండింటికీ ఇంకా నెల నిండలేదు. లేత గడ్డి కొరికాయో, గుంటలో మురుగు తాగాయో గానీ, ఒకరోజు తెల్లారేసరికి రెండూ నీళ్ళలా పారుకోవడం మొదలుపెట్టాయి. బొల్లికి నాలుగు కాళ్ళూ ఆడలేదు.

కంచె సందులోంచి నక్క ముక్కు లోపలికొచ్చింది.

"ఏంటక్కా, ముఖం అలా వేలాడేశావు?"

"పిల్లలకి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి తమ్ముడూ."

నక్క నాడి చూసేవాడిలా కళ్ళు మూసుకుంది. "రోగం పేరు ఇంకోసారి చెప్పు."

"నీళ్ళ విరేచనాలు."

"పేరులోనే ఉంది కదక్కా. లోపల నీళ్ళెక్కువయ్యాయి, బయటికి తన్నుకొస్తున్నాయి. నువ్వింకా పోస్తే ఏమవుతుంది?"

"ఇంకా పోతాయి."

"నేను చెప్పక్కర్లేకుండా నువ్వే చెప్పావు. కడుపు ఎండగట్టు. చుక్క నీళ్ళు వద్దు."

"మరి పాలో?"

"పాలేమన్నా గట్టిగా ఉంటాయా? అవీ నీళ్ళే."

దొడ్డి మూలన ఉప్పు బస్తాలు మోసే ముసలి గాడిద కట్టేసి ఉంది. అది మెడ సాచి, "వినకు అమ్మాయ్," అంది. "మడుల్లో కూలివాళ్ళకి ఇదే రోగమొస్తే గంజిలో ఉప్పేసుకుని తాగుతారు. ఎంత పోతే అంత తాగుతారు. నేను ఏళ్ళ తరబడి చూస్తున్నాను."

"తాత ఉప్పు మోస్తాడు గనక ఉప్పు తాగమంటున్నాడు," అంది నక్క. "రేపు సున్నం మోస్తే సున్నం తాగమంటాడు."

బొల్లికి అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. "నువ్వూరుకో తాతా. తమ్ముడు నాలుగూళ్ళు తిరిగినవాడు."

"తిరిగింది ఎందుకో అడిగావా?" అంది గాడిద. బొల్లి అడగలేదు.

పిల్లలు పొదుగు దగ్గరికొస్తే కాలితో పక్కకి నెట్టింది. కుడితి తొట్టి దగ్గరికెళ్తే అడ్డం నిలబడింది. మధ్యాహ్నం దాకా అరిచాయి. తర్వాత అరుపు తగ్గింది. పొద్దు వాలేసరికి విరేచనాలూ ఆగాయి.

"చూశావా తాతా, కట్టుకున్నాయి."

"కట్టుకోలేదు. పోవడానికి లోపలేం మిగల్లేదు. ఎర్రదాని మెడ మీద చర్మం పట్టి లాగి వదులు."

బొల్లి పెదాలతో పట్టి లాగి వదిలింది. చర్మం వెనక్కి పోలేదు. తడిగుడ్డ మడతలా అలాగే నిలబడింది. పిల్ల కళ్ళు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. పొద్దుట్నించీ మూత్రం పోయలేదని బొల్లికి అప్పుడు తోచింది. అయినా, తమ్ముడు చెప్పాడు కదా అనుకుంది.

తెల్లారేసరికి ఎర్రది చచ్చిపోయింది. యజమాని వచ్చి దాన్ని వెనక కాలు పట్టుకుని కంచె అవతల గోతిలోకి విసిరేసి పోయాడు. బొల్లి కంచె దగ్గరికి పరుగెత్తింది. పిల్ల కింద పడిన చప్పుడు వినిపించలేదు. సందులోంచి చూస్తే గోతిలో నక్క ఉంది. పిల్ల నేల తాకకముందే నోటితో అందుకుంది. దాని చుట్టూ గడ్డి గుండ్రంగా నలిగి ఉంది, నిన్నట్నించీ అక్కడే పడుకున్నట్టు.

"తమ్ముడూ," అంది బొల్లి. 

నక్క నోట్లోది కింద పెట్టి, తీరిగ్గా అంది. "నల్లదాన్ని ఇంకా ఎండగట్టక్కా. అది కాస్త బొద్దుగా ఉంది. సాయంత్రం దాకా పడుతుంది."

బొల్లి కళ్ళ నీళ్ళు మూతి మీదికి కారాయి. 

"అమ్మాయ్, ఇటు రా," అంది గాడిద. "ఏడవడానికి తర్వాత తీరిక దొరుకుతుంది."

ఇంటావిడ అప్పుడే తొట్టిలో కొత్త గంజి పోసి వెళ్ళింది. గాడిద కట్టుతాడు సాగినంత మేర వచ్చి, పొద్దున్నే వీపు మీదికెక్కించిన ఉప్పు బస్తాని తొట్టి అంచుకి రాసింది. నాలుగు ఉప్పుకల్లు రాలాయి.

"రుచి చూడు. కన్నీళ్ళంత ఉప్పగా ఉండాలి. అంతకి మించితే పిల్లకి చేటు."

ఆ రుచి అప్పటికే బొల్లి నోట్లో ఉంది. సరిపోల్చుకుంది.

నల్లది తలెత్తలేకపోయింది. బొల్లి తన గడ్డం గంజిలో ముంచి, పిల్ల నోటి మీద పెట్టి, బొట్టు బొట్టుగా కార్చింది. పిల్ల కక్కింది. కాసేపాగి మళ్ళీ పోసింది. మధ్యాహ్నానికి పిల్ల మూత్రం పోసింది, వెంటనే విరేచనం కూడా అయింది.

"మళ్ళీ పారుతోంది తాతా."

"పారనీ. పోయినంతా మళ్ళీ పొయ్యి. పాలు కూడా ఇవ్వు, ఆపకు."

మూడో రోజు గోతిలోంచి నీరసంగా మాట వినిపించింది. "అక్కా, ఇంకా ఎంతసేపు?"

పాలు తాగుతున్న నల్లది తల తిప్పి చూసింది.

"నువ్వు చెప్పిన పథ్యం నువ్వే చెయ్యి తమ్ముడూ," అంది బొల్లి. "కడుపు ఎండగట్టుకో."

నక్క డొక్కలు ఎగరేసుకుంటూ వేరే ఊరి దారి పట్టింది.

వైద్యం చెప్పేవాడి మాట వినేముందు, రోగి పోతే వాడికేం దక్కుతుందో చూసుకోవాలి.

ఆ యేడు బొల్లికి పుట్టిన రెండు పిల్లల్లో ఒకటే మిగిలింది.