గువ్వ వేసిన ఈల

అనగా అనగా, రథాలు మూలపడి కార్లు తిరగడం మొదలైన రోజుల్లో, సముద్రం ఒడ్డు నుంచి కొండ కొమ్ము దాకా ఒక రాజ్యం ఉండేది. దానికి ధీరసేనుడని ఒక రాజు. రాజుకి కారేమిటని నవ్వకండి. మీ తాతకు స్కూటరు ఉండగా లేని వింత, రాజుకి కారు ఉంటే వచ్చిందా?

రాజుగారి కోట కొండ మీద. ఆయన తల్లి పుట్టిల్లు కింద సముద్రం ఒడ్డున. వేసవి వచ్చిందంటే ఆ పెద్దావిడకు ఒక్కటే కోరిక, పుట్టింటి తాటిముంజలు. ముంజల సంగతి మీకు తెలిసిందే కదా. పొద్దున కొట్టినవి మధ్యాహ్నంలోపు తినాలి. ఎండ దెబ్బ తగిలితే పులిసిపోతాయి.

ముంజలు తెచ్చే పని నరసమ్మది. ఆమె నడిపే కారు పేరు గువ్వ. చిన్న కారు, చిన్న ఇంజను, నోరు మాత్రం పెద్దది. అవును మరి, మాట్లాడేది. చదును దారిలో చక్కగా పరిగెత్తేది, ఘాట్ రోడ్డు ఎక్కేసరికి ఆయాసపడి ఆగిపోయేది.

"దీన్ని పాత ఇనుము కింద అమ్మేద్దాం ప్రభూ. పెద్ద ఇంజను కారు కొందాం" అన్నాడు మంత్రి.

"పెద్ద ఇంజను దారి పొడుగునా తాగుతుంది కదయ్యా. మధ్యలో పెట్రోలు బంకు ఒక్కటీ లేదు" అన్నాడు రాజు. కాసేపు ఆలోచించి నరసమ్మను పిలిచాడు. "మూడు అవకాశాలు ఇస్తున్నాను. కింద ఒకసారి నింపిన ట్యాంకుతోనే కోటకు చేరాలి. ముంజలు పులవకూడదు. నీవల్ల కాకపోతే గువ్వ తూకానికి పోతుంది."

గువ్వంటే నరసమ్మకు ప్రాణం. దాన్ని తిన్నగా కార్లు బాగుచేసే ఖాదర్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన గువ్వకు టర్బో బిగించాడు. అదేమిటంటారా? గొట్టంలోంచి ఊరికే పోయే పొగతో తిరిగే చిన్న పంకా. అది తిరిగి ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ ఎక్కువ కాలుతుంది, చిన్న ఇంజనుకు పెద్ద బలం వస్తుంది. జోరుగా తిరిగినప్పుడల్లా ఆ పంకా సన్నగా ఈల వేస్తుంది.

ఆ ఈలతోనే వచ్చింది తంటా.

మొదటి రోజు చదును దారిలో నరసమ్మ గట్టిగా తొక్కగానే గువ్వ ఈల వేసింది. టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. "వచ్చే ఊళ్లో కూడా తొక్కు నరసమ్మా, వాళ్లూ చూడొద్దూ" అంది గువ్వ. నరసమ్మకూ సరదాగానే ఉంది. ఊరు వస్తే ఈల, లారీ కనబడితే ఈల. కొండ మొదలుకు చేరేసరికి ట్యాంకులో చుక్క లేదు. పులిసిన ముంజల్ని మేకలు తిన్నాయి.

రెండోసారి నరసమ్మ హడలిపోయింది. "ఈల వినబడిందో, చూడు నీ సంగతి" అని గువ్వను ముందే బెదిరించింది. చదునులో నెమ్మదిగా, బాగానే వచ్చింది. ఘాట్‌లోనూ అదే నెమ్మది. గువ్వ వణికిపోతూ "ఇక్కడైనా కాస్త తొక్కవమ్మా" అని బతిమాలింది. "నోరు మూసుకో, పెట్రోలు అయిపోతుంది" అంది నరసమ్మ. కోటకు చేరేసరికి సాయంత్రమైంది. పెట్రోలు మిగిలింది, ముంజలు మిగల్లేదు. రాజమాత ఒక ముంజ వాసన చూసి, పళ్లెం పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేదనుకుంది నరసమ్మ.

మంత్రి ముందుకొచ్చాడు. "ఆ పంకాయే పనికిరానిదని ఒక్క మాట చెప్పు నరసమ్మా. తప్పు నీమీదికి రాదు. రేపే పెద్ద కారు నీ చేతికి వస్తుంది."

చూశారా, ఎంత తేలికో. ఒక్క మాట అంటే కొత్త కారు. కానీ ఆ మాటతో గువ్వ ముక్కలవుతుంది.

నరసమ్మ తల వంచుకుని అంది. "పంకాది తప్పు కాదు మహారాజా, నా కాలిది. మొదటిసారి పదిమంది చూడాలని తొక్కాను. రెండోసారి తొక్కాల్సిన చోట భయపడ్డాను. అది రెండుసార్లూ నేను చెప్పినట్టే విన్నది."

రాజు మాట్లాడేలోపే రాజమాత కలగజేసుకుంది. "మూడన్నావు కదా నాయనా. ఇంకొకటి ఉంది, పంపించు."

మూడో రోజు చదునులో నరసమ్మ కాలు తొణకలేదు. టాప్ గేరు, ఒకటే వేగం. పంకా బద్ధకంగా తిరుగుతోంది, ఇంజను పొదుపుగా తాగుతోంది. టీ కొట్టు రాగానే గువ్వకు నోరు దురద పెట్టింది. "ఒక్క ఈల?"

"ఇక్కడ కొండేదే?" అంది నరసమ్మ.

ఎర్ర లారీ ఒకటి వాళ్లను దాటుకుంటూ పోయింది. డ్రైవరు వెనక్కి చూసి నవ్వాడు కూడా. గువ్వ ఉక్రోషాన్ని మింగేసింది.

కొండ మొదలైంది. నరసమ్మ గేరు తగ్గించి, కాలు బలంగా నొక్కింది. "ఇప్పుడు వెయ్యవే తల్లీ." గువ్వ ఈల వేసింది. మలుపు మలుపుకూ వేసింది. రొప్పుతూ పాకుతున్న ఎర్ర లారీని సగం కొండ మీదే దాటేసింది.

పైన రాజమాత ఆ ఈల విని పళ్లెం తెప్పించుకుంది. కోట గుమ్మంలో గువ్వ ఆగేసరికి ట్యాంకులో ఇంకా కాస్త పెట్రోలు ఉంది, ముంజలు నీళ్లతో నిగనిగలాడుతున్నాయి. పెద్దావిడ కొరికిన మొదటి ముంజ నీరు మోచేతి దాకా కారింది. "మా ఊరి ముంజే" అని తృప్తిగా ఇంకొకటి అందుకుంది. పాత ఇనుము మాట మళ్లీ ఎత్తకుండా మంత్రి కూడా చెయ్యి చాపాడు.

"ఇప్పుడొక ఈల వెయ్యనా?" అంది గువ్వ.

"రేపు ఘాట్‌లో వేద్దువుగానిలే" అని నరసమ్మ దాని అద్దం తుడిచింది.

పిల్లలూ, బలం సంపాదించుకోండి, కానీ చదును దారిలో దాన్ని ఈలలకు ఖర్చు చేయకండి, ఎత్తు ఎదురైనప్పుడు దాచుకుని కూర్చోకండి.