చెవిలో మూడు పిలుపులు

ఇటు తిరిగి పడుకో అమ్మడూ, కాళ్ళు ఆడించకు.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో సోమలింగం అని ఒక వడ్రంగి. పనిమంతుడే, కాదనను. కానీ వట్టి ముంగి. ఆయన భార్య వరహాలు. పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరే.

ఆ ఊళ్ళో ఒక చిత్రమైన పద్ధతి ఉండేది. ఎవరైనా పోతే టేకు పెట్టెలో పడుకోబెట్టి, మూతకు మేకులు కొట్టి, పెట్టెతో సహా చితి మీద పెట్టి కాల్చేవాళ్ళు. దాన్ని మొదలుపెట్టింది సోమలింగమే. మునసబుగారి తండ్రి పోతే నగిషీ పెట్టె చేసిచ్చాడు. అప్పుడు పక్కింటివాళ్ళు మాకూ అన్నారు. ఆ తర్వాత ఊరంతా మాకూ అంది. బూడిదయ్యేదానికి నగిషీలెందుకని ఒక్కరూ అడగలేదు. గొప్పలకు పోయే ఊరు మరి.

సోమలింగం పెళ్ళాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. అన్నం కావాలంటే "ఇదిగో". నీళ్ళు కావాలంటే "నిన్నే". బయటికి వెళ్తుంటే "వింటున్నావా". నలభై ఏళ్ళ కాపురం ఈ మూడు మాటలతోనే గడిచింది. ఆ రోజుల్లో మగవాళ్ళంతా అంతేలే. ఊరివాళ్ళకేమో ఆవిడ వడ్రంగి పెళ్ళాం. పుట్టింటివాళ్ళు ఒక్కొక్కరే పోయాక, వరహాలూ అని పిలిచే నోరే లేకుండా పోయింది. అంత ఊళ్ళో ఉండీ ఆవిడ ఒంటరిదే.

అప్పుడు వరహాలుకు జబ్బు చేసింది. మనిషి చిక్కి సగమైంది. సోమలింగానికి ప్రేమ చూపించడం తెలిస్తే కదా, చాటుగా వెళ్ళి మంచి కలప ఎంచడం మొదలుపెట్టాడు. ఆవిడ కనిపెట్టింది. మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు పెట్టె వద్దయ్యా," అంది. "నా చీరలోనే చుట్టి తీసుకెళ్ళు. దింపుడు కళ్ళం దగ్గర నా చెవిలో మూడుసార్లు నా పేరు పిలువు. మూత బిగిస్తే నాకు వినపడదు."

దింపుడు కళ్ళం అంటే, శ్మశానానికి వెళ్ళే దారిలో శవాన్ని కాసేపు కిందికి దించే చోటు. ప్రాణం ఏ మూలనో ఉంటే పలుకుతారేమోనని చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. పెట్టెలు వచ్చాక ఆ ఊళ్ళో మూత మీద తట్టి ఊరుకునేవాళ్ళు.

ఆ తర్వాత నాలుగు రోజులకు వరహాలు పోయింది.

మునసబు వచ్చాడు. "ఊరందరికీ చేసి సొంత పెళ్ళానికి చెయ్యవా?" అన్నాడు. ఆ తర్వాత సోమలింగం తమ్ముడు వచ్చి మన ఇంటి పరువు పోతుందన్నాడు. ఆ తర్వాత మోసేవాళ్ళు వచ్చి, పెట్టె లేకపోతే మేం రామని వెళ్ళిపోయారు. సోమలింగానికీ చేతులు ఉలి కోసం పీకుతూనే ఉన్నాయి. పెట్టె చెయ్యకపోతే ఆవిడకు ఏమీ చెయ్యనట్టే అనిపించింది పాపం. అయినా ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పాడు.

"తను వద్దంది."

అప్పుడు ఒక్కడే వెళ్ళి చితి పేర్చి వచ్చాడు. ఆవిడను చీరలో చుట్టి, రెండు చేతులతో ఎత్తుకుని నడిచాడు. వెనక ఒక్క మనిషి రాలేదు. ఆవిడను అలా దగ్గరికి తీసుకుని ఎన్నేళ్ళయిందో, ఆయనకే గుర్తులేదు.

దింపుడు కళ్ళం దగ్గర గడ్డి మీద దించాడు. చెవి దగ్గర నోరు పెట్టాడు. మొదటిసారి "నిన్నే" అన్నాడు. రెండోసారి అలవాటు కొద్దీ "ఇదిగో" అన్నాడు. చుట్టూ చూశాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. నవ్వడానికైనా అక్కడ ఎవరూ లేరు. అప్పుడు మూడోసారి అన్నాడు.

"వరహాలూ."

పలకలేదు. పనిలో ఉందేమో అన్నట్టు కాసేపు ఆగాడు. మళ్ళీ పిలిచాడు. మూడుసార్లే పిలవాలన్న సంగతే మర్చిపోయాడు. వరహాలూ, వరహాలూ అంటూ పొద్దు వాలేదాకా పిలుస్తూనే ఉన్నాడు. ఇక పలకదని తెలిశాక లేచి, ఆవిడను ఎత్తుకెళ్ళి చితి మీద పడుకోబెట్టి నిప్పు పెట్టాడు.

వినపడిందా అని నన్నడిగితే నాకేం తెలుసమ్మా? అడ్డంగా మూత మాత్రం లేదు.

కథేమో వెళ్ళింది కంచికి,
సోమలింగం ఒక్కడే ఇంటికి,
నిద్ర రావాలి నీ కంటికి.