విస్తరి మీద రాయి

ఇది నమ్మనివాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తారా? దించకండి. కథ అయ్యేసరికి ఆ చేతికి రెండోది తోడొచ్చి దండం పెడుతుంది.

పెంచలరెడ్డి యుద్ధంలో హెలికాప్టర్ నడిపినవాడు. మామూలుగా కాదు. మంచుకొండ కొనమీద రోలంత చోటు కనబడితే చాలు, దించేసేవాడు. శత్రువు తూటా వస్తుంటే పక్కకు జరిగి దారిచ్చి, అది వెళ్ళాక మళ్ళీ తన చోటికి వచ్చేవాడు!

ఉద్యోగం అయిపోయాక ఉదయగిరి కొండల్లో సిద్ధయ్యస్వామి ఆశ్రమంలో చేరాడు. మంత్రోపదేశం కావాలి. మూడేళ్ళయింది. తన తర్వాత వచ్చిన బట్టలకొట్టు సుబ్బరామయ్యకి కూడా ఉపదేశం అయింది. రెడ్డికి కాలేదు. ఆ ఉక్రోషంలో భోజనాల దగ్గర యుద్ధం కథలు ఇంకాస్త పొడుగయ్యాయి.

ఒక మధ్యాహ్నం విస్తళ్ళు వేశారు. అన్నం ఇంకా రాలేదు. రెడ్డి గొంతు సవరించుకున్నాడు.

"మంచు తుఫాను. కింద గాయపడ్డ జవాన్లు. పైన నేను..."

స్వామి లేచాడు. వాకిట్లోంచి ఒక రాయి తెచ్చి, తన విస్తరి మీద బరువుగా పెట్టి కూర్చున్నాడు.

సుబ్బరామయ్య చూశాడు. తనూ వెళ్ళి ఒకటి తెచ్చుకున్నాడు. చూస్తుండగానే పంక్తి పంక్తంతా లేచింది. ఆ కొండమీద రాళ్ళకు కరువొచ్చింది!

అన్నం గంపతో వచ్చిన వంటాయన బిత్తరపోయాడు. "రాయి మీద పెట్టమంటారా, పక్కన పెట్టమంటారా?"

"ఇదేంటి స్వామీ?" అన్నాడు రెడ్డి. "ఆకు కదలట్లేదు. గాలెక్కడుంది?"

"నువ్వు దిగతా ఉండావు గదా నాయనా."

పంక్తి గొల్లుమంది. రెడ్డి ముఖం మీద అప్పడం కాల్చుకోవచ్చు.

"నవ్వితే నవ్వారు. నా ఉపదేశం సంగతి చెప్పండి స్వామీ. ఎప్పుడు?"

"హెలికాప్టర్ దిగంగానే మనుషులు దగ్గరికి పోవచ్చునా?"

"అమ్మో! తలకాయలు ఎగిరిపోతాయి. రెక్కలు ఆగాలి. నేను చెయ్యూపాలి. అప్పుడు రావాలి."

"ఆ చెయ్యి కోసమే మూడేళ్ళుగా చూస్తా ఉండా."

పంక్తిలో నవ్వు ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, వంటింట్లో సాంబారులో ములక్కాడ మునగడం వినబడింది.

ఆ నిశ్శబ్దంలో రెడ్డికి వాళ్ళు కనబడ్డారు. తన ఏ కథలోనూ లేనివాళ్ళు. తను దిగుతుంటే లేచిన మంచుదుమ్ములో, స్ట్రెచర్ల మీదికి వంగి, పడుకున్నవాడి ముఖానికి తమ వీపులు అడ్డంపెట్టి, తన చెయ్యి కోసం ఎదురుచూసినవాళ్ళు.

ఒళ్ళో ఉన్న అతని చెయ్యి, రమ్మన్నట్టు, కొంచెం లేచింది.

స్వామి విస్తరి మీది రాయి తీసి పక్కన పెట్టాడు.

"వడ్డించవయ్యా," అన్నాడు.

గంపతో నిలబడ్డ ఆ వంటాయన సీతారామపురం మాలకొండయ్య. ఇంకా గట్టిగానే ఉన్నాడు. వెళ్ళి అడగండి.